కార్లు తయారైన చోటనే కార్ల వీరంగము

ఓక్లండు నగరమునకు తూర్పుభాగమున, 73వ అవెన్యూయు ఫుట్‌హిల్ బులవార్డును కలిసికొను తావునకు చేరువలో, ఈస్ట్‌మాంట్ అను పేరుగల విశాలమైన వర్తకసముదాయ మొకటి కలదు. అందలి పెద్ద దుకాణములు ఏనాడో మూతపడినవి. వాటి స్థానమున ప్రభుత్వ సహాయకార్యాలయములును, పోలీసుల ఉపకేంద్రమును నెలకొన్నవి. అమెరికాకు వచ్చు మనవారు గోల్డెన్‌గేటు వంతెనను, ఆల్కట్రాజ్ చెరసాలను తప్పక చూచి పోవుదురు గాని, ఈ మాల్ ముందటి పార్కింగు స్థలమును చూడగోరినవారిని నేనెరుగను. చూచుటకు అచ్చట అందమేమియు లేదు. అయినను, రాత్రివేళ కార్లను గుంపుగా చేర్చి, నడుమ నొక కారును గిరగిర త్రిప్పుచుండగా చుట్టును జనము మూగి కేకలు వేయు ‘సైడ్‌షో’ అను వేడుక కాలూనినది ఇట్టి తూర్పు ఓక్లండు పార్కింగు స్థలములలోనే. వానిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది ఇదియే. దానిని అణచుటకై కాలిఫోర్నియా రాష్ట్రము ఒకదానిపై నొకటిగా పేర్చుచు వచ్చిన శాసనముల కథ చెప్పవలెనన్నను, ఈ ప్రాంతపు శ్రామికుల కథ చెప్పవలెనన్నను ఇచ్చటినుండియే మొదలిడవచ్చును.

ఆ వేడుక ఎట్టిదో ముందుగా చెప్పెదను. శనివారము అర్ధరాత్రి దాటిన పిమ్మట, ఫోనులలో కబురు పంపుకొని, వందలకొలది యువకులు ఒక కూడలికి చేరుదురు. నాలుగు వైపుల కార్లను అడ్డముగా నిలిపి దారి మూసివేయుదురు. నడుమ నున్న కారు, అది డాడ్జి చార్జరో మస్టాంగో కమారోయో కావచ్చును, స్టీరింగును ఒక ప్రక్కకు పూర్తిగా త్రిప్పి ఆక్సిలరేటరును అదిమి తొక్కగానే, వెనుక చక్రములు నేలపై పట్టు తప్పి, తన ముక్కు చుట్టు తానే తిరుగ నారంభించును. టైర్లు కాలి తెల్లని పొగ లేచును. కిటికీలలోనుండి నడుము వరకు వెలికి వచ్చి వ్రేలాడువారు కొందరు. తిరుగుచున్న కారు చేతికందునంత చేరువకు పోయి ఫోనుతో వీడియో తీయువారు మరికొందరు. పోలీసు దీపములు కనబడినంతనే అందరును నలుదిక్కులకు పలాయితులగుదురు. మరునాటి ఉదయము అదే కూడలిలో, ఒకదానిలో నొకటి పెనవేసికొనిన నల్లని వలయములును, వాటి అంచుల వెంట ఊడిపడిన రబ్బరు తునుకలును కనబడును. నగరపాలకులు కొన్ని కూడళ్లలో, కార్లు తిరుగుటకు వీలుపడకుండునట్లు, గుండ్రని గుబ్బలను వరుసలుగా నేలకు బిగించి చూచిరి.

ఇక ఈస్ట్‌మాంట్ స్థలపు పూర్వకథ. 1916వ సంవత్సరమున షెవ్రొలే కార్ల కర్మాగారము ఇచ్చటనే వెలసెను. తరువాత, రెండవ ప్రపంచయుద్ధకాలమున, సమీపమందలి రిచ్‌మండులో హెన్రీ కైజరు నెలకొల్పిన నౌకాశాలలలో పనికై, లూయిసియానా, టెక్సాస్, ఆర్కన్సా రాష్ట్రములనుండి నల్లజాతివారు కుటుంబములతో తరలి వచ్చిరి. ఆ నౌకాశాలలు యుద్ధము ముగియులోపల 747 ఓడలను కట్టినవి. ఓక్లండులో 1940 నాటికి 8 వేల పైచిలుకు మాత్రమే యుండిన నల్లజాతివారి సంఖ్య 1950 నాటికి 47 వేలు దాటెను. గుంపుమేస్త్రీ వెంట బిడ్డాపాపలతో లారీ లెక్కి పోయి, దేశమందలి ఆనకట్టల కెన్నింటికో రాళ్లు మోసిన పాలమూరు కూలీల బిడ్డలకు ఈ వలసకథను విడమరచి చెప్ప నక్కరలేదు. భేదమేమనగా, మన కూలీలు పని ముగిసిన పిమ్మట ఊరికి మరలుదురు. వీరు విడిచివచ్చిన ఊళ్లలో జాతివివక్షయే చట్టమై కూర్చుండి యుండుటచే మరలుటకు వీరికి మనసొప్పలేదు. యుద్ధము ముగిసెను, నౌకాశాలలు మూతపడెను. 1963లో షెవ్రొలే కర్మాగారమును కూడ మూసి, జనరల్ మోటార్సువారు పనిని దక్షిణమున నున్న ఫ్రీమాంటునకు తరలించిరి. ఫ్రీమాంటు కర్మాగారము 1982లో మూతపడి, టొయోటావారి పొత్తుతో మరల తెరవబడి, 2010లో టెస్లావారి వశమాయెను. నేడు దాని పరిసరములలో మన తెలుగువారు వేలకొలదిగా ఇండ్లు కొని స్థిరపడినారు, నేనును వారిలో నొకడను. ఓక్లండులో కర్మాగారమున్న చోట వెలసినదే ఈస్ట్‌మాంట్ మాల్.

1980ల నాటికి తూర్పు ఓక్లండులో తండ్రులకు కార్లు చేయు పని లేకపోయెను. కొడుకులకు పాత కార్లు మాత్రము మిగిలెను. వాటికి కొత్త రంగులు వేయించి, చక్రములకు తళతళలాడు రిమ్ములు బిగించి, పాటలు మ్రోగించుచు, మాల్ మూసిన పిమ్మట పార్కింగు స్థలమున చేరి ఒకరి కారు నొకరికి చూపుకొనుటయే మొదటి సైడ్‌షో. ఆడపిల్లలును వచ్చెడివారు. నడుమ నెవడో ఒకడు కారును నాలుగు చుట్లు త్రిప్పెడివాడు. అది నిరపాయకరమని నేననను. కాని అది జరిగినది నడిరోడ్డున గాదు. 1990లలో పోలీసులు ఆ స్థలములనుండి వారిని తరుమసాగిరి. తరిమినంత మాత్రమున వేడుక అంతరింపలేదు. పార్కింగు స్థలమునుండి వీథిలోనికి, వీథినుండి కూడలికి, కాలక్రమమున బే బ్రిడ్జి వంటి మహావారధులమీదికిని ప్రాకెను. ఈ మాట నొక్కి చెప్పుటకు కారణము కలదు.

ఈ తరుములాటకు సుమారు అరువదేండ్లకు పూర్వము, దక్షిణ కాలిఫోర్నియాలో తెల్లజాతి కుర్రవాండ్రు సరిగా ఈ పనియే చేయుచుండిరి. పాత ఫోర్డు కార్ల రేకులు ఊడదీసి, ఇంజను బలమును పెంచి, ఎడారిలోని మురాక్, ఎల్ మిరాజ్ అను ఎండిన చెరువుల అడుగుభాగమున పరుగు లెత్తించెడివారు. యుద్ధానంతరమున ఆ పందెములు పట్టణపు వీథులలోనికి దిగి ప్రాణములు తీయ నారంభించెను. పత్రికలు గగ్గోలుపెట్టెను. అప్పుడు వాలీ పార్క్స్ అను నతడు 1951లో జాతీయ హాట్‌రాడ్ సంఘమును స్థాపించి, పోలీసుల తోడ్పాటుతోనే 1953లో పొమోనాలో, జాతరమైదానపు పార్కింగు స్థలమున, నియమబద్ధమైన తొలి పందెమును జరిపించెను. మన్యంకొండ, కురుమూర్తి జాతరలకు పోయి బండలాగుడు పోటీలు చూచిన మనకు ఇందలి మర్మము సులభముగా బోధపడును: కొలిచి గీసిన గీత, చూచువారికి దూరము, తీర్పు చెప్పు పెద్దమనుషులు ఉన్నప్పుడు ఎద్దుల రోషమైనను మనుషుల రోషమైనను ఊరిమీద పడదు. పొమోనా కుర్రవాండ్రకు పార్కింగు స్థలమిచ్చినవారు, ఈస్ట్‌మాంట్ కుర్రవాండ్రనుండి ఉన్న స్థలమును లాగుకొనిరి. ఓక్లండులో సైడ్‌షోకు అనుమతితో కూడిన స్థలము కేటాయింపవలెనను ఆలోచన పలుమార్లు వచ్చినది గాని, బాధ్యత తలకెత్తుకొనువారు లేక మాటవరుసగనే నిలిచిపోయినది.

స్థలము లేనిచోట శాసనము వచ్చెను. నిర్లక్ష్యముగా వాహనము నడుపుట, అనగా ఇతరుల ప్రాణములయెడ, ఆస్తులయెడ తెలిసి తెలిసి లక్ష్యములేక నడుపుట, కాలిఫోర్నియా వాహనస్మృతి 23103వ సెక్షను క్రింద నేరము. శిక్ష 5 దినములు మొదలు 90 దినముల వరకు జైలు, లేదా 145 మొదలు 1000 డాలర్ల వరకు జరిమానా, లేదా రెండును. ఆ జరిమానాపై కోర్టు రుసుములు చేరి మూలమునకు కొన్ని రెట్లగును. పందెములకును, వేగప్రదర్శనకును 23109వ సెక్షను వేరుగ నున్నది. 2002లో, సైడ్‌షోతో ముడిపడిన ప్రమాదమున ఓక్లండు యువతి యొకతె మరణింపగా, ఆమె పేరిటనే ఒక శాసనము వెలువడి, దోషమింకను రుజువు కాకమునుపే కారును 30 దినములు నిర్బంధించు అధికారమును పోలీసులకిచ్చెను. ఇచ్చటి కుర్రవాండ్రకు జైలుకంటె ఈ ముప్పది దినములే ఎక్కువ భయము. కారు లేనిదే ఇచ్చట పనికి పోవుట దుస్తరము, ఆపై యార్డు అద్దె దినదినమును పెరుగుచుండును. 2021లో చేసిన చట్టముచే, సైడ్‌షోలో వేగప్రదర్శన చేసినవాని లైసెన్సును 90 దినములనుండి ఆరు నెలల వరకు నిలిపివేయు అధికారము 2025 జూలైనుండి న్యాయస్థానములకు వచ్చెను. 2024 నాటి శాసనములు దారి కడ్డముగా కార్లు నిలిపినవారిని, రోడ్డు గాని పార్కింగు స్థలములను కూడ పట్టుకొన్నవి. ఎవరైనను చనిపోయినచో కథ పూర్తిగా మారును: మద్యపానపు కేసొకదానిలో 1981లో రాష్ట్ర సుప్రీంకోర్టు నిర్ణయించిన సూత్రము ననుసరించి, అపాయమెరిగియు లెక్కచేయనివానిపై హత్యానేరమునే మోపవచ్చును, దానికి శిక్ష 15 ఏండ్లనుండి యావజ్జీవము.

వింతయేమనగా, ఇదే రాష్ట్రము వేరొక కార్ల వేడుకను ఇటీవలనే విముక్తము చేసినది. మెక్సికో సంతతివారు తమ కార్లను నేలకు తాకునంత క్రిందికి దించి, సాయంకాలములందు ఒకే వీథిలో మెల్లమెల్లగా ఊరేగుదురు. ఈ ఊరేగింపులను నిషేధించుటకు 1980లలో నగరములకు అధికారమిచ్చిన శాసనసభయే, ఆ అధికారమును 2024 జనవరి 1నుండి తొలగించెను. నలుబదేండ్లు పోలీసులు వెంటాడినది నిదానముగా నడపినవారిని! వేగము నేరమగుట న్యాయమే. కాని ఏ జాతివారి కాలక్షేపము నేరముగా కనబడును, ఎవరిది సరదాగా కనబడును అనునది వేగమును బట్టి మాత్రమే నిర్ణయింపబడలేదు.

చట్టము చివరకు చూపరులను కూడ చేరెను. ఓక్లండు నగరము నెలకొన్న అలమీడా కౌంటీవారు 2023లో, ఏ నగరపు పరిధిలోనికిని రాని తమ ప్రాంతములందు సైడ్‌షోకు 200 అడుగుల లోపల చూచుటకై నిలిచియుండుటయే నేరమని శాసించిరి. వార్త వ్రాయుటకు పోవలసిన పాత్రికేయుడొకడు దీనిపై కోర్టుకెక్కగా, 2025లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలుకోర్టు అతని పక్షము వహించెను. చూడకుండ వ్రాయుట ఎట్లని అతని వాదము. నాకు అది సబబుగనే తోచినది.

ఇదంతయు మనవారి కేలయందురేమో. జడ్చర్లనుండి చదువుకొనవచ్చిన మా బంధువుల అబ్బాయి, వేరొక రాష్ట్రమున హైవేమీద పోలీసులు ఆపి చేతికిచ్చిన కాగితమును ఫోటో తీసి పంపి, “కాకా, గిది చలానా కాదా? పైసలు కడితె అయిపోదా?” అని అడిగెను. అది చలానా కాదు. వర్జీనియా రాష్ట్రమున గంటకు 85 మైళ్లు, అనగా సుమారు 137 కిలోమీటర్లు, దాటినంత మాత్రముననే అది నిర్లక్ష్యపు డ్రైవింగుగా పరిగణింపబడును. పన్నెండు నెలల వరకు జైలును, 2500 డాలర్ల వరకు జరిమానాయు విధింపదగిన క్రిమినల్ నేరమది. వీసా దరఖాస్తులో, ఎన్నడైనను అరెస్టయితివా అను ప్రశ్నకు జీవితాంతము సమాధానము వ్రాయవలసి యుండును. 2025 వసంతకాలమున వేలకొలది విదేశీ విద్యార్థుల నమోదులను ప్రభుత్వము హఠాత్తుగా రద్దు చేసినప్పుడు, వారిలో కొట్టివేయబడిన చిన్న ట్రాఫిక్ కేసులు మాత్రమే గలవారును ఉండిరి. కోర్టులు కలుగజేసికొనగా ఏప్రిల్ నెలాఖరున ప్రభుత్వము వెనుకకు తగ్గెను గాని, ఆ కొన్ని వారములు ఇచ్చటి తెలుగు విద్యార్థుల యిండ్లలో ఎవరికిని నిద్రలేదు.

మన చట్టము దీనికి తీసిపోలేదు. మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను ప్రకారము, అనుమతిలేక రోడ్డుపై పందెము వేయువానికి 2019 సవరణానంతరము మూడు నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా. మరల చేసినచో ఏడాది వరకు. మైనరు నడిపి నేరము చేసినచో 199ఏ సెక్షను క్రింద శిక్ష సంరక్షకునికి లేదా వాహనపు యజమానికి, మూడేండ్ల వరకు జైలును 25 వేల జరిమానాయు. ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు లేదు. 2025 ఫిబ్రవరిలో శంషాబాదు వద్ద ఔటర్ రింగురోడ్డుపై ఖరీదైన కార్లను గిరగిర త్రిప్పినవారిని పోలీసులు పట్టుకొనిన వార్త చదివినప్పుడు, నాకు ఈస్ట్‌మాంట్‌కంటె ముందుగా స్ఫురించినది నెక్లెస్ రోడ్డు. 2023 ఫిబ్రవరి 11న ప్రభుత్వమే హుస్సేన్‌సాగరు తీరపు రోడ్లను మూసి, కాంక్రీటు గోడలు నిలిపి, ఫార్ములా ఈ పందెమును జరిపించెను; జనము టిక్కెట్లు కొని చూచిరి. మరుసటి ఏడాది పందెము రద్దయి, దాని చెల్లింపుల వ్యవహారము ఏసీబీ కేసుగా మారెను. మన కుర్రవాండ్ర కొరకు ఏడాదికి ఒక దినమైనను అట్లు గోడలు కట్టిన తావు చూపుదమను మాట, ఆ వాదప్రతివాదములలో ఏ పక్షమువారి నోటను నేను వినలేదు.