కుతుబ్‌ఖానాలలో మన షహర్

చార్మినారు ఎప్పుడు కట్టారని అడిగితే మన పిల్లలు 1591 అని టక్కున చెబుతారు. మీ మహల్లాకు ఆ పేరెట్లా వచ్చింది, మీ గల్లీ మసీదు ఎవరి కాలంలోది అని అడిగితే మాత్రం మొగం చూస్తారు. పిల్లలను అనవలసిన పని లేదు, పెద్దలమూ అంతే. షహర్ చరిత్ర అంటే సుల్తానుల చరిత్ర, నిజాముల చరిత్ర అనుకొని వూరుకున్నాము. సామాన్యుల సంగతులు కూడా కాగితం మీద వున్నవి. అవి ఎక్కడ వున్నవో, వాటిని చదివేవారు ఎందరు మిగిలారో యీ సంచిక పాఠకుల ముందు పెట్టదలచాము.

ముందు అఫ్జల్‌గంజ్ పోదాము. మూసీ ఒడ్డున వున్న పెద్ద గ్రంథాలయ భవనాన్ని మన బుజుర్గులు కుతుబ్‌ఖానా ఆసఫియా అనేవారు. 1891లో ఇమాదుల్‌ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ గారి పూనికతో ఆబిడ్స్‌లో మొదలై, 1936లో యీ భవనానికి వచ్చింది. నేడది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. చేతివ్రాత గ్రంథాలు తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరినవి.

షహర్ గురించి తెలుసుకోవాలంటే మాణిక్‌రావు విఠల్‌రావు గారి ‘బుస్తానె ఆసఫియా’ తప్పక చూడాలి. ఏడు సంపుటాలు, అంతా ఉర్దూ. 1909 నుండి 1932 వరకు అచ్చయినవి. ఏ శాఖ ఎప్పుడు ఏర్పడింది, ఏ హోదాలో ఎవరున్నారు, ఏ సాలున ఏమి జరిగింది, అన్నీ ఓపికగా వ్రాశారాయన. ఉర్దూ అంటే ముసల్మానుల భాషే అనేవారికి ఆ రచయిత పేరు ఒక్కసారి చదివి వినిపించండి!

పాత పుస్తకాలలో తేదీలు ఫసలీలో వుంటాయి. ఫసలీ సంవత్సరానికి నెలనుబట్టి 590 గాని, 591 గాని కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఇది తెలియక చాలామంది పుస్తకం మూసేస్తారు.

మా చిన్నతనంలో ముసలివారు వయస్సు చెప్పాలంటే ‘తుగ్యానీకి ముందు పుట్టినాను, తర్వాత పుట్టినాను’ అనేవారు. తుగ్యానీ అంటే 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద. రంజాన్ నెల అప్పుడే మొదలైంది. కోల్సావాడి, అఫ్జల్‌గంజ్ నీట మునిగినవి. అఫ్జల్ వంతెన కొట్టుకుపోయింది. 1578 నాటి పురానాపూల్ మాత్రం నిలిచింది. పోయినవారు పదిహేను వేలని చాలా పుస్తకాలలో కనబడుతుంది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికారు. రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురును ఆ నీటికే అప్పగించారు. ఆ దుఃఖంతో ‘ఖయామతె సుగ్రా’ అనే కవిత వ్రాశారు. పదిహేను వేలు అన్న అంకె చదివి తల ఊపినంతలో వరద అర్థం కాదు, అమ్జద్‌ను చదివితే అర్థమవుతుంది.

తరువాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించటం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తికావటం అందరికీ తెలిసినదే. అంతగా తెలియనిది లియొనార్డ్ మన్ అనే అధికారి ఆధ్వర్యంలో ఆ రోజుల్లో తయారైన షహర్ పటాలు. గల్లీ గల్లీ కొలిచి గీసినవి. వాటిలో తాతగారి గల్లీ దొరికితే కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

పంజాగుట్టలోని ఐవానె ఉర్దూ మరొక చోటు. ఇదారె అదబియాతె ఉర్దూను 1931లో స్థాపించిన డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ మరహూం, ఇండ్లలో చెదలు తింటున్న వ్రాతప్రతులను సేకరించి జాబితాలు వేయించారు. షహర్ కట్టించిన మహమ్మద్ కులీ కవితలను 1940లో ప్రకటించినది ఆయనే. ఆ దక్ఖనీ కవితలలో తెలుగు మాటలు వుంటాయి. ఆ సుల్తాను తండ్రి ఇబ్రహీం కాలంలోనే పొన్నగంటి తెలగన్న తన అచ్చతెలుగు కావ్యాన్ని అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. కనుక 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి కూడా మనం పోవాలి. ఉర్దూ చదివినవారు తెలుగు అలమారా వైపు పోరు, తెలుగు చదివినవారు ఉర్దూ అలమారా ముట్టరు. షహర్ మాత్రం రెండింటిలోనూ వున్నది.

ఇక అసలు బాధ. ఖబరస్తాన్ భూమి మీదనో, మసీదు ఇనాము మీదనో తగాదా వస్తే మొదట అడిగేది ముంతఖబ్. కాగితం దొరుకుతుంది, చదివేవారు దొరకరు. ఉర్దూ పంతుళ్ళము గనుక మా దగ్గరకు తెస్తారు. అచ్చు ఉర్దూ వేరు, దఫ్తర్ల షికస్తా వ్రాత వేరు. ఒక పేజీకి ఒక పూట పడుతుంది. ఇప్పుడు చదవగలిగినవారిలో చాలామంది డెబ్బై దాటినవారు. ఇంగ్లీషు మీడియం మనుమలకు అలిఫ్ బే కూడా రాదు. సొసైటీ వారు సెలవులలో పదిమంది పిల్లలను కూర్చోబెడితే మేము వూరికే నేర్పుతాము.

అంతవరకు ఇంట్లో ఇనుప సందూకు తీసి చూడండి. సియాహా, కిరాయి రసీదులు, క్రయపత్రాలు, పెండ్లి రుఖ్ఖాలు, ఏవైనా సరే రద్దీవానికి తూచి ఇవ్వకండి. చిరిగిన చోట టేపు అంటించవద్దు, జిగురు కాగితాన్ని తింటుంది. లామినేషన్ అసలే వద్దు. మడతలు విప్పి, మెత్తని నూలుగుడ్డలో చుట్టి, తేమ లేని చోట పెట్టండి. ఎవరి ఇంటిదో, ఏ మహల్లాదో వేరే చీటీ మీద వ్రాసి దానితో వుంచండి.