దూరపు యుద్ధము, చేరువ శాంతి

దూరదేశమున యుద్ధము జరుగునపుడు శాంతిని గూర్చి మాటలాడుట సులభము. అచ్చట కూలిన యిండ్లు మనవి కావు. విలపించు తల్లులు మనవారు కారు. కావున శాంతివచనము పలుకువారి చిత్తశుద్ధిని దూరపు యుద్ధమునందేగాక, చేరువనున్న కలహమునందును పరీక్షింపవలయును. ఈ రెండు పరీక్షలకును నిలిచిన మహనీయుడొకరు మా నల్లగొండసీమకు కాలినడకను వచ్చిరి. వారే ఆచార్య వినోబా భావే.

1939 సెప్టెంబరు 3వ తేదీన ఇంగ్లండు జర్మనీపై యుద్ధము ప్రకటించెను. ఆనాడే వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు, భారతీయ నాయకులను సంప్రదింపకయే, ఈ దేశమును గూడ యుద్ధమున చేర్చెను. ఐరోపాలో రగిలిన అగ్నికి మన ధనమును, మన బిడ్డలును ఆహుతి కావలసివచ్చెను. మరుసటి యేట గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహమును తలపెట్టి, తొలి సత్యాగ్రహిగా లోకమంతగా నెరుగని వినోబాగారిని ఎన్నుకొనిరి. జవహర్‌లాల్ నెహ్రూగారికి రెండవ స్థానమే దక్కెను. రాజకీయమునకంటె ధర్మనిష్ఠయే ఈ కార్యమునకు ముఖ్యమని దీని భావము.

1940 అక్టోబరు 17వ తేదీన పౌనారు గ్రామమున వినోబాగారు యుద్ధమునకు మనుష్యులనుగాని ధనమునుగాని ఇచ్చుట పాపమని బోధించిరి. నాలుగు దినములకు వారిని చెరసాలకు పంపిరి. ఈ ఉద్యమమున 20,000 మందికి మించి నిర్బంధింపబడిరి. ఆంధ్రమునుండి టంగుటూరి ప్రకాశముపంతులుగారును అందు పాల్గొని కారాగారమున కేగిరి. సత్యాగ్రహి తాను మాటలాడబోవు చోటును, వేళను ముందుగానే అధికారులకు తెలుపవలయుననుట ఇందలి నియమము. దాపరికము లేని శాంతియే శాంతి.

ఇది హిట్లరునకు తోడ్పడుట కాదా యని కొందరు ప్రశ్నించిరి. తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదది. ఆపదలోనున్న ప్రత్యర్థిని ఇరుకున పెట్టరాదనియే గాంధీజీ జనసమూహములను కదల్పక, ఒక్కొక్కరినే పంపిరి. 1918లో ఖేడా జిల్లాయందు తామే సైన్యమునకు మనుష్యులను చేర్ప ఊరూర తిరిగిన సంగతిని ఆత్మకథలో దాచక వ్రాసికొనిరి. తన తప్పును, తన సందేహమును ఒప్పుకొనలేనివాడు ఇతరులకు సత్యము బోధింపజాలడు.

పదియేండ్లు గడచెను. ఈసారి యుద్ధము మా గుమ్మములోనికే వచ్చెను. వెట్టిచాకిరికిని, దేశముఖుల భూదాహమునకును లోనై వేసారిన రైతులు తిరుగబడిరి. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము అంతరించినను పోరు చల్లారలేదు. భూస్వామికి దళముల భయము, రైతుకు సైనికుల భయము.

1951లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు వార్ధాప్రాంతమునుండి నడచివచ్చిన వినోబాగారు, హైదరాబాదు చెరసాలలో కమ్యూనిస్టు ఖైదీలతో మాటలాడి, పిమ్మట మా జిల్లాలో ప్రవేశించిరి. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిరి. ఆ యూరు మా రామన్నపేటకు దూరము కాదు. అచ్చటి దళితవాడలోని 40 కుటుంబములవారు తమకు 80 ఎకరముల భూమి కావలయుననిరి. వినోబాగారు ఆ మాటను గ్రామస్థుల ముందుంచగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరము లిచ్చెదననిరి. భూదానోద్యమము అచ్చట పుట్టెను. పౌనారులో యుద్ధమునకు ‘వద్దు’ అనుట చాలెను. పోచంపల్లిలో భూవంతుని ‘ఇమ్ము’ అని అడుగవలసివచ్చెను. రెండవది మొదటిదానికంటె కఠినము.

ఈ ఉద్యమము సంపూర్ణముగ ఫలించెనని చెప్పుట అసత్యమగును. దేశమంతట 40 లక్షల ఎకరములకు మించి వాగ్దానములు వచ్చినను, అందు సాగునకు పనికిరాని నేలయు, వివాదములందున్న నేలయు, పేదల చేతికి చేరని నేలయు చాల కలదు. రైతులు పోరాడియుండనిచో భూవంతుల హృదయము కరిగెడిదా యను ప్రశ్నయు మిగిలియే యున్నది. అయినను, ఆకలిని విచారింపని శాంతి నిలువదని ఆనాడు మా నేల నేర్పినది.

పాఠశాలలో పిల్లలకు పౌనారు కథ చెప్పువారు పోచంపల్లి కథను గూడ చెప్పవలయును. నేడును దూరదేశములందు యుద్ధములు జరుగుచున్నవి. వార్త చదివి నిట్టూర్చి ఊరకుండక, మన వాడలో ఎవరికేమి బాకీపడియున్నామో మనము లెక్క చూచుకొందము.