బళ్లారి రాఘవ

బళ్లారి రాఘవ (1880–1946) తెలుగు నాటక, సినీ నటుడు, న్యాయవాది. అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. అనంతపురం జిల్లా తాడిపత్రిలో ఆగస్టు 2న పుట్టారు. మేనమామ, నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సరస వినోదినీ సభ నడిపేవారు. రాఘవకు నాటకం అక్కడే అబ్బింది. మద్రాసులో లా చదివి, బళ్లారి కోర్టులో పేరున్న ప్లీడరయ్యారు. ఆ సంపాదనలో చాలా భాగం నాటకాలకే ఖర్చయింది.

పద్యాన్ని రాగం తీసి పాడితే ఈలలు మోగే రోజుల్లో ఆయన పాటను తగ్గించి మాటకు, ముఖంలోని భావానికి పెద్దపీట వేశారు. రామరాజు చరిత్ర నాటకంలో పఠాన్ వేషం ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలని పట్టుబట్టారు. నాటకాన్నే చులకనగా చూసే సమాజంలో అది చిన్న తగువు కాదు. 1928లో ఇంగ్లండు వెళ్లి నాటకకర్త బెర్నార్డ్ షాను కలిశారు.

సినిమా ఆయనను యాభై దాటాక పిలిచింది. ద్రౌపదీ మానసంరక్షణం (1936)లో దుర్యోధనుడు. అదే ఏడాది అదే కథతో పోటీ చిత్రం ద్రౌపదీ వస్త్రాపహరణం రావడంతో ఇది వెనకబడింది. గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ (1939)లో రైతు పాత్రే ఆయన సినీజీవితానికి శిఖరం. జమీందారీని నిలదీసిన ఆ చిత్రం జమీందార్ల ఆగ్రహానికి గురై, కొన్నిచోట్ల నిషేధం పాలైంది. తర్వాత చండిక (1940). తెర మీద మిగిలింది ఇంతే. ఆ ప్రతిభకు ఇది చాలా తక్కువ.

1946 ఏప్రిల్ 16న మరణించారు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసినా, ఆ ఊళ్లో రాఘవ కళామందిరం ఆయన పేరుతోనే ఉంది.