కుడివైపు ముడి: చైనా సంప్రదాయ వేషధారణ పరిణామం

చైనా సంప్రదాయ దుస్తులు అనగానే మెడపట్టీ నిలబడి, పక్కన చీలికతో ఒంటికి అతుక్కుని ఉండే చిపావ్ గౌను స్ఫురించడం సహజమే గాని, దాని వయసు సుమారు నూరేళ్లు మాత్రమే. అంతకు ముందటి సుదీర్ఘ చరిత్రలో అంగీల కోత, చేతుల వెడల్పు, రంగుల వరుస రాజవంశాలతో పాటు మారుతూ వచ్చాయి, ఆ మార్పులలో పలు ముఖ్యమైనవి ఉత్తరాది గుర్రపు రౌతుల నుంచి అరువు తెచ్చుకున్నవే. దాదాపు మారకుండా నిలిచింది ఒక చిన్న నియమం. అంగీ ఎడమ అంచు కుడి అంచును కప్పుతూ వచ్చి కుడి పక్కన ముడిపడాలి. యూరెన్ అనే ఈ పద్ధతికి విరుద్ధంగా ఎడమ పక్కన ముడి వేయడం సంచార జాతుల ఆనవాలుగానూ, మృతులకు చేసే అలంకరణగానూ లెక్కకు వచ్చేది.

ప్రాచీన వేషంలో పైన అంగీ, కింద పావడా వంటి వస్త్రం విడివిడిగా ఉండేవి. ఈ రెండింటినీ వేర్వేరుగా కత్తిరించి నడుము దగ్గర కలిపి కుట్టగా ఏర్పడిన నిలువుటంగీని షెన్‌యీ అన్నారు. హాన్ రాజవంశ కాలపు మగ్గం మీద బట్ట పన్నా దాదాపు అర మీటరే కాబట్టి, వీపు మధ్య ఒక కుట్టు, చేతుల పొడవునా అతుకులు తప్పనిసరి అయ్యాయి. ఆనాటి నేత ఎంత ఉన్నతస్థాయిని అందుకుందో 1972లో హునాన్ రాష్ట్రం చాంగ్‌షా వద్ద మావాంగ్‌దుయిలో తవ్విన ఒక ప్రభువు భార్య సమాధి చూపింది. అందులో దొరికిన పలుచని పట్టు అంగీ పొడవు 128 సెంటీమీటర్లు, చేతులు చాచిన వెడల్పు సుమారు 190 సెంటీమీటర్లు, బరువు మాత్రం 49 గ్రాములు. దానికి నకలు నేయబోయిన నేటి నిపుణులకు, ఇప్పటి పట్టుపురుగులు అప్పటివాటికంటే బలిసి లావుపాటి దారం తీస్తుండడం వల్ల, ఆ బరువుకు దిగిరావడానికి ఏళ్లు పట్టింది.

పొడవాటి అంగీ మర్యాదకు తగినదే గాని గుర్రం ఎక్కడానికి పనికిరాదు. క్రీ.పూ. 307లో ఝావో రాజ్యాధిపతి ఊలింగ్, ఆస్థానంలో వ్యతిరేకత ఎదురైనా, తన సైన్యానికి సంచార జాతుల పొట్టి అంగీని, లాగును, నడుముపట్టీని తొడిగి గుర్రం మీంచి బాణం వేయడం నేర్పించాడు. ఎనిమిది శతాబ్దాల తర్వాత ఇందుకు తలకిందుగా, క్రీ.శ. 494 ప్రాంతంలో షియాన్‌బెయ్ జాతికి చెందిన ఉత్తర వెయ్ చక్రవర్తి షియావోవెన్ రాజధానిని లుయోయాంగ్‌కు మార్చి, తన వారి జాతివేషాన్నే నిషేధించి చైనా దుస్తులు వేయించాడు. ఈ రాకపోకల ఫలితం తాంగ్ యుగంలో (618–907) కనిపిస్తుంది. అధికారుల కొలువు దుస్తు అయిన గుండ్రని మెడ అంగీ మూలాలు స్టెప్పీ మైదానాలవి; మూడో తరగతి, ఆపై వారికి ఊదా, నాలుగైదు తరగతులకు ఎరుపు అని రంగులు మాత్రం కొలువు నిర్ణయించింది. రాజధాని ఛాంగాన్ స్త్రీలు ఆ మగవారి అంగీనే తొడిగి స్వారీ చేసిన దృశ్యాలు సమాధి చిత్రాలలోనూ మట్టి బొమ్మలలోనూ ఉన్నాయి.

సుంగ్ కాలం సన్నని, నిరాడంబరమైన బెయ్‌జి పైఅంగీని ఇష్టపడగా, మంగోలుల ఏలుబడి బంగారు జరీకి పెద్దపీట వేసింది. 1368లో మంగోలులను తరిమిన మింగ్ వంశ స్థాపకుడు తాంగ్ నాటి వేషాన్ని పునరుద్ధరిస్తున్నట్టు ప్రకటించాడు. ఈ వంశం 1391లో ప్రవేశపెట్టిన హోదా చదరాలు, అంటే రొమ్ము మీదా వీపు మీదా కుట్టిన చతురస్రాకారపు గుర్తులు, పౌర అధికారులకు పక్షులతోనూ సైనికాధికారులకు మృగాలతోనూ ఉండేవి.

1644లో బీజింగ్‌ను ఆక్రమించిన ఈశాన్య జాతి మంచూలు ఆ మరుసటి ఏడు పురుషులందరూ నుదుటి పైభాగం గొరిగించుకుని వెనుక జడ వేసుకోవాలని, మంచూ దుస్తులు ధరించాలని ఆజ్ఞాపించారు. ప్రతిఘటించిన జియాడింగ్ వంటి పట్టణాలలో రక్తపాతం జరిగింది. గుర్రపు డెక్క ఆకారపు ముంజేతి పట్టీలు, ఇరుకు చేతులు, స్వారీకి వీలైన చీలికలు కొలువులో ప్రవేశించాయి. మింగ్ వారి హోదా చదరాన్ని మాత్రం మంచూలు వదులుకోలేదు. అయితే వారి పైకోటు నడిమధ్య తెరుచుకునేది కాబట్టి రొమ్ము మీది చదరాన్ని రెండు ముక్కలుగా కుట్టాల్సివచ్చింది. ఆ కోటు లోపలి అంగీ మాత్రం కుడి పక్కనే గుండీలతో మూసుకునేది. చైనాలో అధిక సంఖ్యాక జాతి అయిన హాన్ స్త్రీలు తమ పాత అంగీ, పావడాలతోనే కొనసాగారు. నాటకరంగం కూడా మింగ్ వేషాలను నిలుపుకుంది.

1911 విప్లవంతో జడలు తెగాయి. 1920లలో షాంఘై స్త్రీలు చేపట్టిన వదులైన నిలువుటంగీ క్రమంగా బిగిసి చిపావ్ అయింది. 1929లో జాతీయ ప్రభుత్వం దానికి అధికారిక స్థానమిచ్చింది. డాట్లు వేసి ఒంటి వంపులకు కుట్టడం పాశ్చాత్య దర్జీపని నేర్పిన విద్య. పురుషులకు విప్లవ నాయకుడు సన్ యట్‌సేన్ పేరిట వచ్చిన నాలుగు జేబుల కోటుకు గుండీలు నడిమధ్యకు వచ్చాయి; ఆ జేబులకు, గుండీలకు చెప్పే రాజకీయార్థాలు తర్వాత తగిలించినవే కావచ్చు. మావో కాలంలో అదే కోటు దేశమంతటి దుస్తు కాగా, సాంస్కృతిక విప్లవపు రోజుల్లో చిపావ్ ధరించడం నేరంతో సమానమైంది.

2001లో షాంఘైలో జరిగిన ఆసియా–పసిఫిక్ నాయకుల సమావేశంలో అతిథులకు తొడిగిన ‘తాంగ్ కోటు’ నిజానికి మంచూల పొట్టికోటు వంశంలోది. అటువంటి గందరగోళం మీద అసంతృప్తి నుంచే 2003 తర్వాత హాన్‌ఫు ఉద్యమం ఊపందుకుని, మంచూ పూర్వపు వేషాలే అసలు హాన్ జాతి దుస్తులని వాదించింది. ఆ వాదం చరిత్ర ముందు పూర్తిగా నిలవదు. ఉదాహరణకు, ముందూ వెనుకా చదునుగా, రెండు పక్కలా కుచ్చిళ్లతో ఉండే మామియన్ పావడాకు నేడు అంతులేని గిరాకీ ఉంది, షాండోంగ్‌లోని త్సావో జిల్లాలో వాటిని పెద్దయెత్తున కుడుతున్నారు. మింగ్ కాలపు వస్త్రంగా అమ్ముడుపోతున్న ఆ పావడాను మంచూల పాలన పొడవునా హాన్ స్త్రీలు ధరిస్తూనే వచ్చారు.