ఊరూరికీ ఫోను: ఖర్చెవరిది?

1908 ప్రాంతంలో అమెరికాలో ఏటీ అండ్ టీ అధిపతి థియోడర్ వెయిల్ 'సార్వత్రిక సేవ' అనే నినాదం ఎత్తుకున్నాడు. పల్లెపల్లెకూ ఫోను పెట్టించాలన్న తపనేమీ ఆయనకు లేదు. ఊరికొకటిగా పుట్టుకొస్తున్న చిన్న కంపెనీలను పక్కకు నెట్టి, దేశమంతా తన తీగ మీదే మాట్లాడేలా చేయాలన్నది ఆయన లెక్క. అయితే గుత్తాధిపత్యాన్ని ప్రభుత్వం ఊరికే సహిస్తుందా? బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి. వీలైనంతవరకు ప్రజలందరికీ ఫోను అందాలన్న మాట 1934 నాటి కమ్యూనికేషన్ల చట్టంలోకి ఎక్కింది.

ఆ ఖర్చు మాత్రం కంటికి కనబడేది కాదు. దూరపు కాల్‌కు ఎక్కువ వసూలు చేసి స్థానిక ఫోను అద్దె తగ్గించేవారు, నగరాల లాభంతో పల్లెల నష్టం పూడ్చేవారు. మన దగ్గరా ఇదే నడిచింది. రాత్రి 11 దాటితే ఎస్టీడీ రేటు పావు వంతుకు పడిపోతుందని బూత్‌ల ముందు కాచుకున్న తరానికి, పగటిపూట అదే కాల్ ఎందుకంత ఖరీదో ఎవరూ చెప్పలేదు. అందులో కొంత ఎక్కడో నష్టానికి నడిచే పల్లె ఎక్స్ఛేంజికి వెళ్ళేది.

పోటీ వచ్చాక ఈ సర్దుబాటు చెల్లలేదు. కొత్త కంపెనీ ఎప్పుడూ లాభమొచ్చే కాల్స్ మీదే వాలుతుంది. 1984లో ఏటీ అండ్ టీ ముక్కలయ్యాక, 1996 చట్టం ఆ చాటు సబ్సిడీని బయటికి లాగి ప్రత్యేక నిధిగా మార్చింది. అంతర్రాష్ట్ర, అంతర్జాతీయ టెలికం ఆదాయంలో కంపెనీలు వాటా కట్టాలి. వాళ్ళు దాన్ని బిల్లులో చేర్చి చందాదారు నెత్తినే వేస్తారు. 2000లో 6 శాతంలోపున్న ఆ వాటా 2025కి 36 శాతానికి చేరింది. వాయిస్ ఆదాయం ఏటా కరిగిపోతోంది, ఇంటర్నెట్ ఆదాయం లెక్కలోకే రాదు. అంటే ఫోన్లో మాట్లాడేవాడి దగ్గర తీసుకుని నెట్ చూసేవాడికి కేబుల్ వేస్తున్నారు. పన్ను వేసే అధికారాన్ని కాంగ్రెస్ ఇతరులకు అప్పగించిందన్న సవాలును 2025 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో తోసిపుచ్చింది. నిధి బతికింది, లెక్కలోని వంకరా బతికింది.

ఐరోపా హక్కుల భాష మాట్లాడుతుంది. 1 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్‌ను ఫిన్లాండ్ 2010లో చట్టబద్ధమైన హక్కు చేసింది. బ్రిటన్ 2020లో 10 ఎంబీపీఎస్ అంది, కానీ ఒక ఇంటికి లైను వేసే ఖర్చు 3,400 పౌండ్లు దాటితే మిగతాది ఇంటివాళ్ళే భరించాలి. హక్కుకు ధరల పట్టిక తగిలించడం బ్రిటిష్‌వాళ్ళకే చెల్లింది.

పేద దేశాల సంగతిని 1985 మొదట్లో, టెలికంపై వేసిన మైట్‌లాండ్ అంతర్జాతీయ కమిషన్ నివేదిక లోకం ముందు పెట్టింది. ఆఫ్రికా ఖండం మొత్తంలోకన్నా ఒక్క టోక్యోలోనే ఎక్కువ ఫోన్లున్నాయని అది చెప్పింది. తర్వాతి పదేళ్ళలో అసలైన కొత్త ఆలోచన పుట్టింది మాత్రం చిలీలో. 1994లో అక్కడి ప్రభుత్వం కంపెనీల మీద కొత్త సుంకం వేయకుండా, దేశ బడ్జెట్ నుంచే ఒక నిధి పెట్టింది. ఫోను లేని ఊళ్ళ జాబితా రాసి, ఎవరు తక్కువ సబ్సిడీ అడిగితే పని వారిదేనని టెండరు పిలిచింది. కొన్ని ప్రాజెక్టులకు కంపెనీలు సున్నా సబ్సిడీకే ముందుకొచ్చాయి. ఆ ఊళ్ళలో గిరాకీ ఉందని వాటికి తెలుసు, కావలసింది లైసెన్సూ స్పెక్ట్రమూ. పల్లెలకు ఫోను ఇవ్వడం నష్టమేనన్న పాత నమ్మకం సగం అక్కడే కూలింది. పొరుగున బ్రెజిల్ 2000లో కంపెనీల ఆదాయంపై 1 శాతం సుంకం వేసి, స్థిర ఫోన్లకే ఖర్చు చేయాలని కట్టడి పెట్టింది. ఇరవై ఏళ్ళపాటు వసూళ్ళు సాగాయి, ఖర్చు దాదాపు లేదు. 2020లో గానీ చట్టం సవరించలేదు. చైనా నిధి జోలికే పోలేదు. 2004లో ప్రభుత్వ టెలికం కంపెనీలకు ప్రాంతాలు పంచి, ఊళ్ళకు ఫోన్లు వేయమని హుకుం జారీ చేసింది.

ఇక మనం. 1994 టెలికం విధానం 1997కల్లా ప్రతి గ్రామానికీ ఫోను అంది. కొత్తగా వచ్చిన ప్రైవేటు కంపెనీలకు పల్లె ఫోన్లు వేయాలని షరతు పెడితే, చాలావరకు జరిమానా కట్టేసి నగరాల్లోనే ఉండిపోయాయి. వాటికి జరిమానాయే చౌక. అందుకే 2002 ఏప్రిల్ 1 నుంచి సార్వత్రిక సేవా నిధి అమల్లోకి వచ్చింది. సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం దీని వాటా. చిలీ తరహా టెండర్లు మన దగ్గరా వచ్చాయి, సిగ్నల్ లేని చోట్ల 7 వేలకు పైగా టవర్లు లేచాయి. కానీ ఆ డబ్బు నేరుగా నిధిలో పడదు. ముందు కేంద్ర సంచిత నిధికి వెళ్తుంది, అక్కడి నుంచి పార్లమెంటు కేటాయించాలి. వసూలైనదంతా నిధికి చేరలేదని కాగ్ ఎత్తిచూపింది.

ఈ నిధి డబ్బుతోనే 2011లో మొదలైన పంచాయతీల ఫైబర్ పథకం, తర్వాతి పేరు భారత్‌నెట్, గడువులు దాటుకుంటూ పోయింది. కందకాలు తవ్వి కేబుల్ పాతడం నత్తనడకన సాగుతుంటే, ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగేసింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్ ఇస్తామంది. ఆ ధర నిలిచేదా అన్నది వేరే చర్చ. స్తంభాలను వాడుకోవాలన్న ఆలోచన మాత్రం గట్టిది.

2023 టెలికం చట్టం సార్వత్రిక సేవా నిధి పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చింది, పరిధి పెంచి పరిశోధనకూ ఖర్చు చేయవచ్చంది. డబ్బు నడిచే దారిని మాత్రం మార్చలేదు: ముందు సంచిత నిధి, ఆ తర్వాత పార్లమెంటు ఎంత కేటాయిస్తే అంత.