సరిచూడని ఒక్క లెక్క

లెక్క చేశాక చివర సరిచూడకపోతే మా లెక్కల సారు ఒక మార్కు కోస్తారు. "జవాబు సరిగ్గానే వచ్చింది కదా సార్" అంటే, "వచ్చిందని నీకెలా తెలుసు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎంత పెద్దదో ఓపెన్ ఎస్ఎస్ఎల్ చరిత్ర చదివాక నాకు అర్థమైంది.

ఓపెన్ ఎస్ఎస్ఎల్ 1998లో మొదలైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. అంటే దాని కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, బాగుచేసి పంపవచ్చు. మనం వెబ్‌సైట్‌లో కొట్టే పాస్‌వర్డ్‌ను దారిలో ఎవరూ చదవకుండా రహస్య లిపిలోకి మార్చడం దాని పని.

2011లో జర్మనీకి చెందిన ఒక పరిశోధక విద్యార్థి దీనికి హార్ట్‌బీట్ అనే కొత్త సౌకర్యం రాసి పంపారు. రెండు కంప్యూటర్లు "ఉన్నావా?" "ఉన్నాను" అని పలకరించుకోవడం లాంటిది అది. ఒక కంప్యూటరు ఒక మాటను, దాని పొడవును పంపుతుంది. అవతలి కంప్యూటరు అదే మాట తిరిగి పంపాలి. ప్రాజెక్టు సభ్యులొకరు ఆ కోడ్‌ను చూసి, డిసెంబరు 31న చేర్చుకున్నారు. 2012 మార్చి 14న అది విడుదలైంది.

నిజమైన పొడవు చెబితే అంతా బాగానే పనిచేసింది. మరి అబద్ధం చెబితే? ఒక్క అక్షరం పంపి, దాని పొడవు 64 కిలోబైట్లు అంటే? ఆ కోడ్ కొలిచి చూసేది కాదు. అడిగినంత ఇవ్వడానికి మెమరీలో పక్కనున్నదంతా పంపేసేది. అందులో పాస్‌వర్డ్‌లు, రహస్య తాళాలు కూడా ఉండొచ్చు! తప్పు పొడవుతో ఒక్కసారి పరీక్షించి ఉంటే ముందే బయటపడేది.

రెండేళ్లు ఎవరూ గమనించలేదు. చివరికి గూగుల్ పరిశోధకుడు నీల్ మెహతా, ఫిన్లండ్‌లోని కోడెనోమికాన్ కంపెనీవాళ్లు విడివిడిగా దాన్ని కనిపెట్టారు. 2014 ఏప్రిల్ 7న లోకానికి తెలిసింది. సవరణ కూడా ఆ రోజే వచ్చింది. దానికి 'హార్ట్‌బ్లీడ్', అంటే గుండె రక్తస్రావం, అని పేరు పడింది. ఆ సవరణ అన్నిచోట్లా చేరేలోపే కెనడా పన్నుల శాఖ నుంచి సుమారు 900 మంది బీమా నంబర్లు చోరీ అయ్యాయి.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని మా అవ్వ అంటుంది. అందరూ వాడుకున్నారు, ఎవరో ఒకరు చూస్తారులే అనుకున్నారు. అప్పుడు ఆ ప్రాజెక్టును నడిపింది కొద్దిమందే. తర్వాత పెద్ద కంపెనీలు డబ్బు సాయం చేశాయి. ఇప్పుడు అక్కడికి కొత్త సౌకర్యం రాసి పంపేవాళ్లు, దాన్ని పరీక్షించే కోడ్‌ను కూడా జతచేయాలి.

రేపు మనలో ఎవరైనా అలాంటి ప్రాజెక్టుకు కోడ్ పంపవచ్చు. పంపేముందు సరైన లెక్కతోనే కాదు, తప్పు లెక్కతో కూడా పరీక్షించాలి. సారు కోసే ఆ ఒక్క మార్కు విలువ అదే.