యాక్సెసిబిలిటీ సెట్టింగులు (కంప్యూటర్)

యాక్సెసిబిలిటీ సెట్టింగులు: చూపు, వినికిడి, చేతుల కదలికల్లో ఇబ్బంది ఉన్నవారు కంప్యూటర్‌ను సొంతంగా వాడుకునేందుకు ఆపరేటింగ్ సిస్టంలోనే పొందుపరచిన సదుపాయాలు. వీటికోసం విడిగా సాఫ్ట్‌వేర్ కొననవసరం లేదు.

ఆవిర్భావం: 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95లో కీలను ఒకదాని తర్వాత ఒకటి నొక్కనిచ్చే స్టికీ కీస్, పొరపాటున పడే నొక్కులను వదిలేసే ఫిల్టర్ కీస్, కీబోర్డుతోనే పాయింటర్‌ను కదిపే మౌస్ కీస్, తెరపై రంగుల తేడాను పెంచే హై కాంట్రాస్ట్ ఉన్నాయి. విండోస్ 98తో మాగ్నిఫయర్, విండోస్ 2000తో తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే నేరేటర్ వచ్చాయి. ఆపిల్ 2005లో మ్యాక్ ఓఎస్ ఎక్స్ టైగర్‌లో వాయిస్‌ఓవర్‌ను చేర్చింది.

పనితీరు: విండోస్ 10, 11లలో విండోస్ కీతో యూ నొక్కితే ఈ సెట్టింగులు తెరుచుకుంటాయి. విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే నేరేటర్, విండోస్ కీతో ప్లస్ నొక్కితే మాగ్నిఫయర్ మొదలవుతాయి. మాగ్నిఫయర్ తెరను 1600 శాతం వరకు పెద్దది చేస్తుంది. షిఫ్ట్‌ను వరుసగా 5 సార్లు నొక్కితే స్టికీ కీస్ కోసం అనుమతి అడుగుతుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘క’ ఉన్న కీనే షిఫ్ట్‌తో నొక్కితే ‘ఖ’ వస్తుంది. స్టికీ కీస్ ఉంటే ముందు షిఫ్ట్, తర్వాత ఆ కీ నొక్కితే చాలు. ఒక్క వేలితోనే ఒత్తక్షరం టైపు చేయవచ్చు. విడిగా ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్, ఈస్పీక్ ఎన్‌జీ స్వరంతో తెలుగు పాఠాన్ని చదువుతుంది.

ప్రాధాన్యం: 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం–2016లోని 42వ సెక్షన్ సమాచార సాంకేతికతను దివ్యాంగులకు అందుబాటులో ఉంచే బాధ్యతను ప్రభుత్వాలపై పెట్టింది. హైదరాబాద్‌లో పుట్టి, 2014లో విండోస్ తయారీ సంస్థ మైక్రోసాఫ్ట్‌కు సీఈఓ అయిన సత్య నాదెళ్ల, సెరిబ్రల్ పాల్సీ ఉన్న కుమారుడి పెంపకం తన దృక్పథాన్ని మలచిందని ‘హిట్ రిఫ్రెష్’ (2017)లో వివరించారు.